ప్లాస్టిక్ కవర్లతో క్రోషే: దారం తీయడం నుంచి సంచి హ్యాండిల్ దాకా

కవర్లతో అల్లిక మొదలుపెట్టి సగంలో వదిలేసిన వాళ్లను నేను చాలామందినే చూశాను. వాళ్లలో ఎక్కువమందికి క్రోషే, అంటే హుక్ అనే కొక్కెం సూదితో చేసే అల్లిక, బాగా వచ్చు. ఊలుతో స్వెట్టర్లు, లేసు దారంతో టేబుల్ క్లాత్‌లు అల్లినవాళ్లే. అయినా చేతికి ప్లాస్టిక్ రాగానే కుట్లు బిగుసుకుపోయాయి, అంచులు వంకర తిరిగాయి, వేళ్లు నొప్పిపుట్టాయి. ఇబ్బంది అల్లికలో లేదు, దారంలో ఉంది. ఊలు దారాన్ని మిల్లు ఒకే మందంతో తయారు చేసి ఇస్తుంది. ఇక్కడ ఆ మిల్లు పని మనమే చేయాలి. కవర్ నుంచి కోసే పట్టీలు ఒకే వెడల్పులో వస్తే, చెయ్యి వదులుగా ఆడితే, ఒక్క సింగిల్ క్రోషే కుట్టు వచ్చినవాళ్లు కూడా ఏళ్ల తరబడి వాడుకునే సంచి అల్లుకోగలరు. అందుకే ఈ వ్యాసంలో సగం దారం గురించే ఉంటుంది.

కవర్ నుంచి తీసిన ఈ దారాన్ని ‘ప్లార్న్’ అంటారు. ప్లాస్టిక్, యార్న్ (దారం) అనే రెండు మాటలు కలిస్తే వచ్చిన పేరు.

ఏ కవర్లు పనికొస్తాయి

రెండు చెవుల్లాంటి పిడులుండే మామూలు క్యారీబ్యాగ్ ఈ పనికి అన్నిటికన్నా మంచిది. ఈ ఆకారానికి స్వీడన్ ఇంజనీరు స్టెన్ గుస్తాఫ్ తూలిన్ ఆద్యుడు. 1965లో దానికి పేటెంటు వచ్చింది. కాగితం సంచుల కోసం చెట్లు నరకకుండా, ఒకటే సంచిని మడిచి జేబులో పెట్టుకుని మళ్లీ మళ్లీ వాడాలన్నది ఆయన ఆలోచన అని ఆయన కొడుకు తర్వాత చెప్పారు. మనకు పనికొచ్చే సంగతి ఆ కవర్ తయారీలో ఉంది. అది పక్కల అతుకు లేని గొట్టం. వేడితో అతికించేది కింద, పిడుల పై కొసల్లో మాత్రమే. అందుకే అడ్డంగా కోస్తే ప్రతి ముక్కా అతుకు లేని రింగుగా వస్తుంది. మన దారం మొత్తం ఆ రింగుల మీదే ఆధారపడి ఉంటుంది.

నలిపితే గరగరమని చప్పుడు చేసే పల్చటి కవర్లు హెచ్‌డీపీఈ, అంటే ఎక్కువ సాంద్రత గల పాలిథిన్ రకం. కొన్నిటి మీద త్రికోణం గుర్తులో 2 అంకె ఉంటుంది. ఇవి తేలిగ్గా, గట్టిగా ఉంటాయి. మెత్తగా, జారుడుగా, కాస్త సాగే కవర్లు ఎల్‌డీపీఈ, అంటే తక్కువ సాంద్రత గల పాలిథిన్, వాటిది 4వ అంకె. రెండూ పనికొస్తాయి. కానీ ఒకే వస్తువులో కలిపి అల్లకండి. ఒకటి సాగి, రెండోది సాగకపోతే అల్లిక ఒక పక్కకి లాగేస్తుంది.

కంపోస్ట్ అయ్యేవని రాసి ఉన్న కవర్లు మాత్రం వద్దు. అవి శిథిలం కావడానికే తయారైనవి. మీరు రెండు వారాలు కూర్చుని అల్లిన సంచి అలమరలోనే పొట్టు పొట్టుగా రాలిపోతే ఆ బాధ వేరు. ఎండలో చాలాకాలం పడి ఉన్నవి కూడా పక్కన పెట్టండి. కవర్ మూలను రెండు వేళ్లతో పట్టుకుని లాగి చూడండి. సాగితే మంచిది, పుటుక్కున తెగితే పనికిరాదు.

పచ్చిమాంసం, నూనె, మందులు మోసిన కవర్లను ఈ పనికి తీసుకోకపోవడమే మేలు. మిగతావాటిని గోరువెచ్చని సబ్బు నీళ్లలో ముంచి, తిరగేసి కడిగి, లోపల తడి లేకుండా ఆరబెట్టాలి. తడి కవర్ పొరలు ఒకదానికొకటి అతుక్కుని కత్తెరను తప్పుదారి పట్టిస్తాయి.

పట్టీలు కోయడం

ఇక్కడ తొందరపడకండి. సాయంత్రం టీవీ చూస్తూ చేసే పని కాదిది. వెలుతురున్న చోట, బల్ల మీద చేయాలి.

ముందుగా కవర్‌ను పరచండి. పక్కల లోపలికి పోయే మడతలను ఎలా ఉన్నవాటిని అలాగే ఉంచి, అరచేత్తో కింది నుంచి పిడుల వైపు నిమురుతూ గాలంతా బయటికి పంపండి. గాలి మిగిలితే కోసేటప్పుడు పొరలు జరిగిపోతాయి. తర్వాత నిలువుగా సగానికి మడవండి, మళ్లీ ఇంకోసారి మడవండి. ఇప్పుడు మీ ముందు సన్నటి, పొడవాటి కట్ట ఉంటుంది. పైన పిడుల భాగాన్ని, కింద అతికించిన అంచును కోసి ఒక డబ్బాలో వేయండి. వాటికీ పని ఉంది, చివర్లో చెబుతాను.

మిగిలిన కట్టను అడ్డంగా, 3 సెంటీమీటర్ల వెడల్పులో కోసుకుంటూ పోండి. బల్ల మీద మాస్కింగ్ టేపు అంటించి దానిమీద 3 సెంటీమీటర్లకో గీత పెట్టుకుంటే ప్రతిసారీ స్కేలు తీయనక్కర్లేదు. బాగా పల్చటి కవర్ అయితే 4, దళసరిదైతే 2 సెంటీమీటర్లు చాలు. అంకె కంటే నమ్మదగిన పరీక్ష ఒకటుంది. రెండు కవర్ల పట్టీలను వేళ్ల మధ్య మెలిపెట్టి పక్కపక్కన పెట్టండి. రెండూ ఒకే లావు పురికొసలా కనిపిస్తే వెడల్పు కుదిరినట్టే.

కత్తెర పదునుగా ఉండాలి, బ్లేడు పొడవుగా ఉండాలి. మొద్దు కత్తెరతో కోసిన పట్టీ అంచును వెలుతురులో పెట్టి చూస్తే రంపం పళ్లలా చిన్న చిన్న గాట్లు కనిపిస్తాయి. అల్లేటప్పుడు హుక్ లాగిన ప్రతిసారీ చిరుగు ఆ గాట్ల దగ్గరే మొదలవుతుంది. నా మొదటి సంచి అడుగు ఇలాగే మూడుచోట్ల తెగింది. దారం నాసిరకమనుకున్నాను కానీ తప్పు కత్తెరది.

ఒకేసారి పది కవర్లు పేర్చి కోద్దామని అనిపిస్తుంది. మూడు నాలుగు దాటితే పొరలు జారి కింది పట్టీలు ఏటవాలుగా వస్తాయి. కోసిన రింగులు గాలికి ఎగిరి బట్టలకు అంటుకుంటుంటే చేతులు కాస్త తడి గుడ్డతో తుడుచుకోండి, ఆ విసుగు తగ్గుతుంది.

రింగులను కలపడం

మొదటి రింగు కొసలోంచి రెండో రింగు కొసను దూర్చండి. అలా దూర్చిన కొసలోంచే ఆ రెండో రింగు అవతలి కొసను బయటికి తీసి, రెండు వైపులా మెల్లగా లాగండి. మధ్యలో చిన్న ముడి పడుతుంది. ఆ ముడి సమంగా, నడి మధ్యలో కూర్చోవాలి. ఒక రింగు మడత పక్కకి పొడుచుకొస్తే విప్పి మళ్లీ వేయండి, లేకపోతే ప్రతి ముడీ హుక్‌కు తగులుకుంటుంది.

ఎంత గట్టిగా లాగాలన్నదే అసలు సంగతి. ఒక పాత పట్టీ తీసుకుని రెండు చేతులతో నెమ్మదిగా లాగి చూడండి. కొంతసేపు అలాగే ఉంటుంది. తర్వాత ఒకచోట ఉన్నట్టుండి సన్నబడి, మెరిసే తీగలా సాగుతుంది. వదిలేసినా వెనక్కి రాదు. పాలిథిన్ గుణమే అది, రబ్బరులా తిరిగి ముడుచుకోదు. ముడి దగ్గర పట్టీ అలా మెరవడం మొదలైందంటే ఎక్కువ లాగారన్నమాట. ముడి కుదురుకోగానే చెయ్యి ఆపేయాలి, అల్లికలో అది ఇంకా బిగుస్తుంది.

ఇలా కలిపితే దారం ఎప్పుడూ జంట పేటలుగా ఉంటుంది. ఒక కవర్ నుంచి ఎంత వస్తుందో లెక్క వేయడం సులువు. చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, పిడులు తీసేశాక ఎత్తు 36 సెంటీమీటర్లు ఉందనుకుందాం. 3 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున 12 రింగులు. ఒక్కోటి జంట పేటగా 45 సెంటీమీటర్లు, ముడికి పోయేది తీసేస్తే 43. మొత్తం సుమారు 5 మీటర్లు.

దళసరి కవర్లకు జంట పేట మరీ లావైపోతుంది. వాటిని ఒంటి పేటగా, చుట్టూ తిరిగేలా కోయాలి. కవర్‌ను పరచి ఒక పక్క అంచును రెండో అంచు వైపు మడవండి, కానీ 3 సెంటీమీటర్లు వదిలేయండి. మడత వైపు నుంచి అడ్డంగా గాట్లు పెట్టండి. గాటు మడిచిన పొరలన్నిటినీ దాటాలి, వదిలిన అంచు దాకా మాత్రం పోకూడదు. ఇప్పుడు ఆ అంచును విప్పి పరచి, ఒక వైపు మొదటి గాటు నుంచి అవతలి వైపు రెండో గాటుకు ఏటవాలుగా కోయండి. అలాగే రెండో దాన్నుంచి మూడోదానికి. కవర్ మొత్తం ముడి లేని ఒకే దారంగా ఊడి వస్తుంది.

తీసిన దారాన్ని ఉండగా చుట్టేటప్పుడు కూడా వదులుగానే చుట్టండి. రంగు అక్షరాలున్న కవర్లయితే అచ్చు ఉన్న ముఖం లోపలికి మడతపడేలా చూస్తే వేళ్లకు సిరా అంటదు.

హుక్, కుట్లు

3 సెంటీమీటర్ల జంట పేటకు 8 మిల్లీమీటర్ల హుక్ నాకు బాగా కుదిరింది. సన్న దారానికి 6 లేదా 6.5. అల్యూమినియం హుక్ మీద ప్లాస్టిక్ సాఫీగా జారుతుంది, చెక్క హుక్ మీద పట్టేస్తుంది. పట్టేస్తుంటే హుక్ మెడకు చేతి క్రీము ఒక చుక్క రాయండి.

ఊలు అల్లేవాళ్లకు దారాన్ని చిటికెన వేలికి చుట్టి బిగువు పెట్టే అలవాటు ఉంటుంది. ఇక్కడ ఆ అలవాటు మానుకోవాలి. ప్లాస్టిక్ ఊలులా సాగి ముడుచుకోదు కాబట్టి బిగువుగా పడిన కుట్టులోకి తర్వాతి వరుసలో హుక్ దూరదు. మణికట్టు నొప్పి వచ్చేది అక్కడే. దారాన్ని వేళ్ల మీదుగా వదిలేసి, ప్రతి లూప్‌ను హుక్ లావుగా ఉన్న భాగం దాకా పైకి లాగండి. అరగంటకోసారి చేతులు దించి వేళ్లు చాపండి.

కుట్లు మూడు వస్తే చాలు. చైన్ అంటే, దారం చుట్టి లూప్‌లోంచి లాగడం. సింగిల్ క్రోషే అంటే, కుట్టులోకి హుక్ దూర్చి దారం లాగితే హుక్ మీద రెండు లూప్‌లు నిలుస్తాయి, మళ్లీ దారం చుట్టి రెండింటిలోంచీ ఒకేసారి లాగాలి. స్లిప్ స్టిచ్‌లో కుట్టులోంచీ, హుక్ మీది లూప్‌లోంచీ దారాన్ని ఒకే లాగుడులో తీసేస్తాం. ఇవి అమెరికా పద్ధతి పేర్లు. బ్రిటిష్ నమూనాల్లో ఇదే సింగిల్ క్రోషేను డబుల్ క్రోషే అంటారు. నమూనా ఎక్కడిదో చూసుకోకుండా మొదలుపెడితే కొలతలన్నీ తారుమారవుతాయి.

ముందు ఒక గుండ్రటి చాప

చేతికి దారం అలవాటవ్వాలంటే నేరుగా సంచికి పోకండి. కుండీ కిందో, బకెట్ కిందో వేసుకునే గుండ్రటి చాప అల్లండి. సంచి అడుగు కూడా ఇదే కాబట్టి శ్రమ వృథా కాదు.

జారుముడి వేసి 2 చైన్లు అల్లండి. హుక్ నుంచి రెండో చైన్‌లోనే 6 సింగిల్ క్రోషేలు వేయండి. ఊలుకు వాడే మ్యాజిక్ రింగ్ (కొస లాగితే బిగిసి మూసుకునే మొదటి ఉచ్చు) ప్లాస్టిక్‌తో బిగుసుకోదు, పట్టీ మీద పట్టీ రాసుకుని ఆగిపోతుంది. రెండో వరుసలో ప్రతి కుట్టులో రెండేసి వేస్తే 12. మూడో వరుసలో ఒక కుట్టులో ఒకటి, తర్వాతి కుట్టులో రెండు చొప్పున 18. నాలుగో వరుసలో రెండు కుట్లలో ఒక్కోటి, మూడో దానిలో రెండు చొప్పున 24. అలా వరుసకు ఆరు కుట్లు పెంచుకుంటూ పోతే ఎనిమిదో వరుసకు 48 అవుతాయి. వరుస మొదటి కుట్టుకు పిన్నీసు పెట్టుకోండి, లెక్క తప్పదు.

ఆరే ఎందుకు? వృత్తం వ్యాసార్ధం ఎంత పెరిగితే చుట్టుకొలత దానికి 6.28 రెట్లు పెరుగుతుంది. సింగిల్ క్రోషే కుట్టు వెడల్పు, ఎత్తు దాదాపు సమానం. కాబట్టి ఒక వరుస ఎత్తు పెరిగినప్పుడల్లా చుట్టూ ఆరు కుట్ల చోటు కొత్తగా వస్తుంది. ఇది అర్థమైతే నమూనా పక్కన పెట్టి మీ అల్లికనే చూసి సరిచేసుకోవచ్చు. అంచు గిన్నెలా పైకి లేస్తే కుట్లు తక్కువ పడ్డాయి, లేదా చెయ్యి బిగువుగా ఉంది. అప్పుడు ఒక సైజు పెద్ద హుక్ తీసుకోండి. అంచు గౌను కుచ్చుల్లా అలలు తిరిగితే కుట్లు ఎక్కువ. పెంచే కుట్టును ప్రతి వరుసలో ఒకేచోట వేస్తే గుండ్రం పోయి ఆరు మూలలు తేలతాయి. ఒక వరుస వదిలి ఒక వరుసలో పెంపును రెండు మూడు కుట్లు జరపండి.

సంచి

చాపలాగే ఎనిమిది వరుసలు అల్లి 48 కుట్లకు రండి. తొమ్మిదో వరుసలో ప్రతి కుట్టుకూ ఉండే రెండు పోగుల్లో వెనక పోగులోకి మాత్రమే హుక్ దూర్చి ఒక్కో సింగిల్ క్రోషే వేయండి. అడుగు నుంచి గోడ లేచే చోట అంచు స్పష్టంగా తిరుగుతుంది. అక్కడి నుంచి పెంచకుండా, వరుసకు 48 చొప్పున అల్లుకుంటూ పోండి. తొమ్మిదోదానితో కలిపి గోడకు 20 వరుసలు. కుట్టు సుమారు 1.2 సెంటీమీటర్లు వస్తే సంచి చుట్టుకొలత 58, గోడ ఎత్తు 24 సెంటీమీటర్లు అవుతుంది. లోతు కావాలంటే వరుసలు పెంచుకోండి.

దారం సరిపోతుందా అన్న టెన్షన్ మధ్యలో ఎందుకు? ముందే పది కుట్లు అల్లి, విప్పి, ఆ దారం కొలవండి. 60 సెంటీమీటర్లు వస్తే కుట్టుకు 6 అన్నమాట. అడుగుకు 216, గోడకు 960, హ్యాండిళ్లకు 304 కలిపి 1,480 కుట్లు, అంటే సుమారు 89 మీటర్లు. కవర్‌కు 5 మీటర్ల చొప్పున 18 కవర్లు. పట్టీలు తెగడం, ముడులు పాడవడం ఉంటాయి కాబట్టి 25 సిద్ధంగా పెట్టుకోండి. రంగు కవర్లు కొన్నే ఉంటే అడుగున వాడేయకుండా గోడలో చారలుగా వేస్తే అందంగా ఉంటుంది.

హ్యాండిల్ దగ్గర అజాగ్రత్త వద్దు. సంచికి బరువు పడేది అక్కడే. నేను మొదట రెండు కుట్ల వెడల్పు పట్టీ విడిగా అల్లి కుట్టేశాను. ఒక్కసారి బరువు మోయగానే జానెడు సాగి, సంచి నేలను తాకింది. అప్పటి నుంచి హ్యాండిల్‌ను గోడతో పాటే అల్లుతున్నాను.

సంచిని బల్ల మీద చదునుగా పరచండి. వరుసలు చుట్టూ తిరుగుతూ పోవడం వల్ల అల్లిక కొంచెం పక్కకి వాలుతుంది, పిన్నీసు ఉన్న చోటు సంచి పక్క అంచుకు రాకపోవచ్చు. వరుస మొదలు సరిగ్గా పక్క మడత మీదికి వచ్చేదాకా కొన్ని కుట్లు అదనంగా వేయండి. ఇప్పుడు 6 సింగిల్ క్రోషేలు, 26 చైన్లు, కింద 12 కుట్లు వదిలేసి తర్వాత 12 సింగిల్ క్రోషేలు, మళ్లీ 26 చైన్లు, మళ్లీ 12 కుట్లు వదిలి చివర 6 సింగిల్ క్రోషేలు. వరుసకు 76 కుట్లయ్యాయి. చైన్ల మీదుగా కూడా కలుపుకుని ఇంకో రెండు వరుసలు సింగిల్ క్రోషే వేయండి. ఆఖరున చుట్టూ ఒక వరుస స్లిప్ స్టిచ్. ఇది మాత్రం కాస్త బిగువుగా వేయాలి, సాగుడును ఆపేది ఇదే. దారం మిగిలితే హ్యాండిళ్ల లోపలి అంచుకూ స్లిప్ స్టిచ్ వేయండి. భుజానికి తగిలించుకునేందుకు 26 బదులు 45 చైన్లు పెట్టుకోవచ్చు.

కొసలను తేలిగ్గా తీసుకోకండి. ప్లాస్టిక్ నున్నగా ఉంటుంది, ఊలులా పట్టుకోదు. ముడివేసి, 10 సెంటీమీటర్ల కొసను కుట్ల కింద నుంచి ఒక దిక్కుకు, మళ్లీ వెనక్కి దూర్చాలి. కొసను లైటర్‌తో కాల్చి అంటించే పని పెట్టుకోకండి. పొగ మంచిది కాదు, పక్క కుట్లు కూడా ముడుచుకుపోతాయి.

ఇంకేం అల్లుకోవచ్చు

అడుగు 24 కుట్ల దగ్గర ఆపి, గోడ లేపి, పొడవాటి హ్యాండిల్ ఒకటి పెడితే నీళ్ల సీసా సంచి. సన్న దారం, 5.5 హుక్ అయితే దీనికి నప్పుతుంది. 36 దగ్గర ఆపి నాలుగైదు వరుసలు లేపితే బట్టల క్లిప్పుల బుట్ట. స్నానాల గదిలో సామాన్లకు ఇది చాలా బాగుంటుంది, దారం నీళ్లు పీల్చదు, కుట్ల సందుల్లోంచి నీళ్లు కారిపోతాయి. గుమ్మం చాపకు వరుసలు ఇటూ అటూ నేరుగా అల్లడమే. ఆరుబయట పడుకునేవారి కోసం నిలువెత్తు చాపలు అల్లి ఇచ్చే స్వచ్ఛంద బృందాలూ ఉన్నాయి. నేల చెమ్మ ఒంటికి అంటకుండా ఆ చాప అడ్డుపడుతుంది. కానీ ఒక్కో చాపకు వందల కవర్లు పడతాయి, నలుగురైదుగురు కలిసి కూర్చుంటే తప్ప తెమలదు.

కొన్ని వస్తువులు మాత్రం అల్లొద్దని గట్టిగా చెబుతాను. వేడి గిన్నె కింద పెట్టే చాప వద్దు. ఎల్‌డీపీఈ దాదాపు 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర, హెచ్‌డీపీఈ దాదాపు 130 డిగ్రీల దగ్గర కరుగుతాయి. పొయ్యి మీద నుంచి దించిన మూకుడు అంతకన్నా వేడిగా ఉండొచ్చు. గిన్నెలు తోమే పీచు కూడా చాలామంది అల్లుతారు. నాకది నచ్చదు. రాపిడికి పట్టీలు సన్నటి తునకలుగా ఊడి నీళ్లతో పాటు కాలువలోకి పోతాయి. ఇంట్లో ఉన్న ప్లాస్టిక్‌ను నీళ్లలో కలపడానికి కాదు కదా మనం ఇంత శ్రమపడేది. చంటిపిల్లలకు ఆటవస్తువులు, పక్కబట్టలు కూడా వద్దు. దారం ఊడితే నోట్లో పెట్టుకుంటారు.

మాసినప్పుడు చల్లనీళ్లు, సబ్బుతో చేత్తో ఉతికి, నీడలో వేలాడదీయండి. ఇస్త్రీ, డ్రయ్యర్ జోలికి పోకండి. ఎండలో నెలల తరబడి ఉంటే పాలిథిన్ పెళుసుబారి రేకులుగా రాలుతుంది. కుండీలు వేలాడదీసే వల అల్లితే నీడ పట్టున కట్టుకోండి, అప్పుడప్పుడూ ఒక పట్టీని గోటితో గీరి చూడండి. పొడి రాలితే కుండీ దించేయాలి.

సంచిలో ఒక కుట్టు తెగితే మొత్తం విప్పనక్కర్లేదు. తెగిన చోటికి రెండు పక్కలా ఉన్న మంచి కుట్లలోంచి కొత్త పట్టీ దూర్చి, ముడివేసి, కొసలు లోపలికి దాచండి. ఇక డబ్బాలో పడేసిన పిడులు, అడుగు అంచులు ఉన్నాయి కదా. రెండు గుండ్రటి చాపలు అల్లి, అంచుల వెంట సింగిల్ క్రోషేతో కలుపుతూ, మూసే ముందు ఆ ముక్కలన్నీ లోపల కుక్కేయండి. కాళ్లు పెట్టుకోవడానికి మంచి దిండు తయారవుతుంది. ఎంత కుక్కినా ఇంకా పడుతుంది, డబ్బా నిండా ముక్కలు పోగయ్యాకే మొదలుపెట్టండి.